పెట్రోనా పొయ్యి మీద సింహం

పెట్రోనాకు కోపం వచ్చిందంటే ఆ సంగతి ముందు రోలుకు తెలిసేది. సముద్రపుటొడ్డు పల్లె బరానా పాయింట్‌లో ప్రతి ఇంటి వెనకా నడుమెత్తు చెక్కరోలు ఒకటి నిలబడి ఉంటుంది. ఉడికిన అరటికాయలు అందులో వేసి, మనిషెత్తు రోకలితో ముద్దయ్యేదాకా దంచుతారు. తక్కిన ఆడవాళ్ళు దంచుతుంటే ఎవరో తీరిగ్గా డోలు వాయిస్తున్నట్టుండేది. పెట్రోనా దంచుతుంటే పక్కింటి కోళ్ళు దడి దాటి పారిపోయేవి. "క్రిసాంతో మళ్ళీ ఏదో చేసినట్టున్నాడు" అని వీధిలోవాళ్ళు మొహాలు చూసుకుని నవ్వుకునేవాళ్ళు.

క్రిసాంతో ఆమె మొగుడు. చెడ్డవాడేం కాదు. ఊపిరి బిగబట్టి నీళ్ళలోకి దిగాడంటే, పైన పడవలో ఉన్నవాళ్ళకు గుండెల్లో దడ పుట్టేదాకా పైకి వచ్చేవాడు కాదు. లాబ్‌స్టర్లు పట్టడంలో ఆ తీరంలో అతని తర్వాతే ఎవరైనా. వచ్చిన చిక్కంతా ఒడ్డు మీదే. కొబ్బరికాయలు తెమ్మని పంపితే డామినోల ఆటలో కూర్చుండిపోయి, పొయ్యి ఆరిపోయాక ఉత్త చేతులతో వచ్చి "అయ్యో, కొబ్బరికాయలు కదూ!" అనేవాడు. ఇంటికప్పు రేకుకు చిల్లుపడి ఎన్ని వానాకాలాలు గడిచాయో. వాన పడ్డప్పుడల్లా "ఇది వెలవనీ, ఎక్కి బాగుచేస్తా" అనేవాడు. వెలిశాక ఇక ఎక్కాల్సిన అవసరమేముంది?

ఆడపిల్లలిద్దరూ పెళ్ళిళ్ళయి డంగ్రిగా పట్నానికి వెళ్ళిపోయారు. ఇంట్లో మిగిలింది పెట్రోనా, క్రిసాంతో, అతని తల్లి బసీలియా. దడి అవతల క్రిసాంతో అక్క తోమాసా ఇల్లు. పెట్రోనా నలభై దాటిన మనిషి, పొడుగూ దానికి తగ్గ లావూ. ఆమె నవ్వితే వీధి చివర దుకాణందాకా వినిపించేది. చేపల పులుసులో కొబ్బరిపాలు ఎప్పుడు పొయ్యాలో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని ఆ ఊళ్ళో ఒక్క తోమాసా తప్ప అందరూ ఒప్పుకునేవాళ్ళు.

ఆ రోజుల్లోనే పగడపు దిబ్బల దగ్గర కొత్త చేప ఒకటి కనబడసాగింది. ఒంటినిండా ఎర్రచారలు, తెల్లచారలు. ఈకల్లాంటి రెక్కలు విప్పుకుని, ఒంటి చుట్టూ ముళ్ళు నిక్కబొడుచుకుని నీళ్ళలో నింపాదిగా తేలుతూ ఉండేది. మనిషి దగ్గరికి వెళ్ళినా కదిలేది కాదు. "నువ్వెవరు?" అన్నట్టు చూసేది. దాన్ని సింహం చేప అంటారని, అది ఈ సముద్రానిది కాదని, ఎక్కడో భూమికి అటువైపునుంచి వచ్చిపడిందని సహకార సంఘం గోడ మీద ఒక కాగితం అతికించారు. ముళ్ళలో విషం ఉంది గానీ మాంసంలో లేదని, కనబడితే పట్టి తినమని, ముల్లు గుచ్చుకుంటే వేడినీళ్ళలో పెట్టమని అందులో రాసి ఉంది. వారం తిరిగేసరికి ఎవరో ఆ బొమ్మలోని చేపకు మీసాలు, టోపీ పెట్టేశారు. అంతకు మించి ఆ కాగితాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

లాబ్‌స్టర్ల కోసం నీటి అడుగున పెట్టిన చెక్కగూళ్ళలో ఆ చేపలు కాపురం పెట్టాయి. ఒకరోజు క్రిసాంతో ఒక గూటి కింద చెయ్యి పెట్టాడు. చేతికి లాబ్‌స్టర్ మీసాలు తగులుతాయనుకుంటే ముళ్ళు తగిలాయి.

అతన్ని ఇద్దరు మోసుకొచ్చారు. వీధి మొదట్లో ఉండగానే అరుపులు ఇంటికి వినిపించాయి. మోచేతిదాకా వాచిపోయింది. తల్లి బసీలియా గుమ్మంలో కూలబడి గుండెలు బాదుకుంటూ అప్పుడే శోకాలు మొదలుపెట్టింది.

"నా నాయనా! నీ బాబు కూడా సముద్రం మీదే పోయాడు రా!"

"మావయ్య పోయింది సముద్రం మీద కాదత్తా, రమ్ము సీసా మీద" అంది పెట్రోనా, పొయ్యి మీంచి గిన్నె దించుతూ. "కాస్త పక్కకి జరుగు."

గిన్నెలో అరటికాయలు ఉడుకుతున్నాయి. ఆ నీళ్ళే బేసినులో వంచి, చెయ్యి పట్టేంతవరకు చల్లనీళ్ళు కలిపి, మొగుడి చెయ్యి అందులో ముంచింది. క్రిసాంతో ఇంటికప్పు ఎగిరిపోయేలా కేకపెట్టాడు.

"ఉడకబెట్టేస్తున్నావే నన్ను!"

"అరటికాయలు కిక్కురుమనకుండా ఉడికాయి. నీకేం వచ్చింది? ఉండు."

గోడమీద కాగితం చదివిన వాళ్ళలో పెట్రోనా ఒకతి. మీసాలు పెట్టింది కూడా తనేనని తర్వాతెప్పుడో ఒప్పుకుంది. నీళ్ళు చల్లారినప్పుడల్లా వేడివి పోస్తూ కూర్చుంది. నొప్పి మెల్లగా దిగింది. అరుపులు మూలుగులయ్యాయి, మూలుగులు నిట్టూర్పులయ్యాయి. అప్పుడు పెట్రోనా గౌను అంచుతో చేతులు తుడుచుకుని లేచింది.

"ఏదీ, ఆ చేపేదీ?"

నొప్పిలోనూ క్రిసాంతో దాన్ని వదల్లేదు. ఈటెతో పొడిచి పడవలో పారేశాడు. మోసుకొచ్చిన వాళ్ళలో ఒకడు దాన్ని బకెట్లో తెచ్చి, పామును తెచ్చినట్టు దూరంగా పెట్టి వెళ్ళాడు. పెట్రోనా దాని చుట్టూ ఒకసారి తిరిగింది. లోపలికి వెళ్ళి బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర తెచ్చి, తోక పట్టుకుని, ముల్లు ముల్లూ మొదలంటా కత్తిరించింది. తర్వాత పొట్ట కోసింది.

లోపల ఎర్ర స్నాపర్ చేపపిల్లలు, వేలెడంత, వరసగా పేర్చినట్టు. రొయ్యలు. గింజంత కళ్ళతో లాబ్‌స్టర్ పిల్ల ఒకటి. పెట్రోనా వాటిని బల్ల మీద పరిచి చూసింది. ఆమె మొహం ఎర్రబడింది.

"చూశావా క్రిసాంతో? ఈ ఏడు మనకి స్నాపర్లు పడ్డంలేదు పడ్డంలేదని ఏడుస్తున్నావు కదా. ఇదిగో, అన్నీ ఇక్కడున్నాయి. మనింటి కూర ఇది తింటోంది. పైగా వడ్డించుకోబోతే పొడుస్తోంది!"

"పారెయ్యవే" అన్నాడు క్రిసాంతో నీరసంగా.

"పారేస్తానా? మన కూర తిన్నదాన్ని మనం తినొద్దూ!"

ఉల్లిపాయ, వెల్లుల్లి, తులసి, మిరియాలు, ఒక కొరివికారం మిరపకాయ. కొబ్బరిపాలు పొంగు రాబోతుండగా ముక్కలు జారవిడిచింది. ఈలోగా కబురు ఊరంతా పాకింది. పెట్రోనా పళ్ళెం పెట్టుకుని పెరట్లో కూర్చునేసరికి దడి పొడవునా తలకాయలు లేచాయి. కొందరు స్టూళ్ళు కూడా తెచ్చుకున్నారు. తోమాసా ముందు వరసలో ఉంది.

పెట్రోనా అరటిముద్ద తుంచి, పులుసులో ముంచి, చేపముక్క నంజుకుని నోట్లో పెట్టుకుంది. అందరూ ఊపిరి బిగబట్టారు. రెండో ముద్ద తింది. మూడోది తింది. పళ్ళెం ఖాళీ చేసి వేళ్ళు నాకింది.

"ఎలా ఉందే?" అంది తోమాసా.

"ఏమో వదినా... కాళ్ళు చల్లబడుతున్నట్టుంది."

బసీలియా మళ్ళీ శోకం అందుకుంది. క్రిసాంతో బేసినుతో సహా పరిగెత్తుకొచ్చి భార్య పక్కన కూలబడ్డాడు. సగం నీళ్ళు ఆమె ఒళ్ళోనే పోశాడు.

"పెట్రో! నన్నొదిలి పోకే!"

పెట్రోనా కళ్ళు అరమూతలు పెట్టింది. "పోయేముందు ఒక్కటి తెలుసుకుని పోతాను. వదినా, నా పచ్చగళ్ళ గౌను తాడు మీంచి మాయమైంది కదా. అది నీ దగ్గరే ఉందా?"

తోమాసా అటూ ఇటూ చూసింది. అందరూ ఆమెనే చూస్తున్నారు.

"ఉంది లేవే. గాలికెగిరి మా పెరట్లో పడింది. ఇద్దామనే అనుకుంటున్నా. నువ్వెలాగూ..." అని ఆగిపోయింది.

"ఎలాగూ పోతున్నాను కనక నువ్వే తొడుక్కుంటావు. సరే. క్రిసాంతో, ఆ రేకు..."

"రేపే ఎక్కుతానే! వాన ఉన్నా ఎక్కుతా! డామినోల జోలికి ఇక పోను, మా అమ్మ మీదొట్టు!"

"నా మీదెందుకురా ఒట్టు?" అంది బసీలియా, ఏడుపు ఠక్కున ఆపి.

పెట్రోనా కళ్ళు తెరిచింది. "విన్నారుగా అందరూ. సాక్ష్యం మీరే." లేచి పళ్ళెం కడుక్కోవడానికి వెళ్ళింది. ఆమె నవ్వు మొదలయ్యాక చాలాసేపటిదాకా ఆగలేదు. స్టూళ్ళు తెచ్చుకున్నవాళ్ళు కాస్త నిరాశగానే ఇళ్ళకు పోయారు. గౌను సాయంత్రానికే దడి మీద ప్రత్యక్షమైంది. ఇక గిన్నెలో మిగిలిన పులుసు సంగతి. చావుబతుకుల్లోంచి బయటపడ్డ క్రిసాంతో ఎడమచేత్తోనే దాన్ని అడుగంటా ఊడ్చేశాడు.

"దీనమ్మ" అన్నాడు మూతి తుడుచుకుంటూ, "రుచిగానే ఉంది దొంగముండ."

రేకు మర్నాడే బాగుపడింది. డామినోల ఒట్టు మాత్రం వారం కూడా నిలవలేదు.

ఆ తర్వాత క్రిసాంతో ఆ చేపలకు పగవాడయ్యాడు. లాబ్‌స్టర్లకోసం దిగినా ముందు వాటినే వెతికేవాడు. పొడిచినప్పుడల్లా నీళ్ళలోనే ఏదో తిట్టేవాడని, బుడగలుగా పైకి వచ్చేదని తోటివాళ్ళు చెప్పేవాళ్ళు. వేపుడు, పులుసు, నిప్పుల మీద కాల్చింది, నిమ్మరసంలో ఊరబెట్టింది - పెట్రోనా అన్ని విధాలా చేసి చూసింది. ఇంట్లో ఇద్దరూ తినేవాళ్ళు. బసీలియా మాత్రం కర్రపెండలంతో చేసిన కసావా రొట్టె పట్టుకుని అటు తిరిగి కూర్చునేది.

"మా పూర్వీకులు అంత దూరంనుంచి పడవల్లో వచ్చారు. ఎన్ని కష్టాలు పడ్డారు! అయినా ఇలాంటి ముళ్ళదెయ్యాన్ని ముట్టారా?"

"అప్పుడిది ఇక్కడ లేదు కదత్తా. ఉండుంటే పడవలు దిగకముందే తినేసేవాళ్ళు. అంత ఆకలి మీద వచ్చారు మరి."

ఊళ్ళో తక్కినవాళ్ళు రుచి చూడ్డానికి కూడా రాలేదు. పెట్రోనా చావకపోవడం పెట్రోనా గొప్పగానే లెక్కపెట్టారు గానీ చేపకు మంచిపేరు రాలేదు. "ఆమె రక్తంలోనే అంతకంటే ఎక్కువ విషముందిలే" అంది తోమాసా.

ఒకరోజు పెట్రోనా చేపల్ని శుభ్రం చేసి, వేయించి, బుట్టలో సర్దుకుని డంగ్రిగా బజారుకు వెళ్ళింది. కూతుళ్ళు వద్దన్నారు. ముక్కలు కొట్టి ఏదో ఒక పేరు చెప్పి అమ్మెయ్యమని చిన్నకూతురు సలహా ఇచ్చింది. పెట్రోనా ఒప్పుకోలేదు. చారల తోలుతో ఉన్న తలకాయ ఒకటి బుట్ట ముందు పెట్టి "సింహం చేప! సింహం చేప!" అని కేకలు వేసింది. జనం దగ్గరకొచ్చి, తల చూసి, చేతులు వెనక్కి కట్టుకుని వెళ్ళిపోయారు. ఒకామె పిల్లాణ్ణి చెయ్యిపట్టి ఇవతలికి లాక్కుంది. మధ్యాహ్నందాకా నిలబడి, నిండుబుట్టతో ఇంటికొచ్చింది. ఆ సాయంత్రం పెరట్లో రోలు చప్పుడు లేదు. తోమాసా దడి మీంచి తొంగిచూసింది. పెట్రోనా రోలుకు ఆనుకుని ఊరికే కూర్చుని ఉంది. తోమాసా ఇంట్లోకి వెళ్ళి, ఒక సీమపనసకాయ తెచ్చి దడి మీద పెట్టి వెళ్ళిపోయింది.

నవంబరు వచ్చింది. పంతొమ్మిదో తేదీన పూర్వీకులు ఒడ్డుకు చేరిన పండగ. తెల్లవారుతుండగా పడవల మీద అరటాకులు ఊపుతూ, డోళ్ళు వాయిస్తూ ఒడ్డుకు రావాలి, తర్వాత ఊరంతా కలిసి హుడుట్, అంటే అరటిముద్దతో కొబ్బరిపాల చేపల పులుసు, తినాలి. పట్నంనుంచి చుట్టాలొస్తారు, పై ఊళ్ళవాళ్ళొస్తారు. వంట పెత్తనం ఆ ఏడు పెట్రోనాది. అరటికాయల గెలలు దిగాయి, కొబ్బరికాయలు గుట్టపడ్డాయి. సరిగ్గా అప్పుడే ఉత్తరపుగాలి మొదలైంది. సముద్రం బూడిదరంగుకు తిరిగింది. బయటి దిబ్బలదాకా పడవ వెళ్ళే దారి లేదు. పండగ ముందురోజుకు కూడా గాలి తగ్గలేదు. ఊళ్ళో ఒక్క స్నాపర్ లేదు.

ఆడవాళ్ళంతా పెట్రోనా పెరట్లో చేరారు.

"కోడి వేద్దాం" అంది ఒకామె.

"హుడుట్‌లో కోడా? అత్త వింటే ఇక్కడే పడిపోతుంది" అంది పెట్రోనా.

క్రిసాంతో గొంతు సవరించుకున్నాడు. "దగ్గరి దిబ్బ వెనకాల నీళ్ళు నిలకడగానే ఉన్నాయి. అక్కడ గూళ్ళనిండా... ఉన్నాయి." ఏమున్నాయో అతను చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు. అందరూ పెట్రోనావైపు చూశారు. పెట్రోనా తోమాసావైపు చూసింది. తోమాసా నిట్టూర్చి కత్తెర కోసం ఇంటికి వెళ్ళింది.

క్రిసాంతో, అతని తోటివాళ్ళూ సాయంత్రానికి బకెట్లు బకెట్లుగా తెచ్చి పోశారు. పెట్రోనా అందరికీ ముళ్ళు తియ్యడం చూపించింది. "వీపు మీదివి, పొట్ట కింద ముందు రెండు, తోక దగ్గర చిన్నవి. ఈ పెద్ద రెక్కలు చూసి భయపడకండి, ఇవి ఉత్త షోకు." అంతలోనే తోమాసా కెవ్వుమంది. బొటనవేలికి గుచ్చుకుంది. పెట్రోనా ఆమెను ఈడ్చుకెళ్ళి చెయ్యి వేడినీళ్ళలో ముంచింది. తోమాసా ఆ చేపనూ, దాని తల్లినీ, దాన్ని కన్న సముద్రాన్నీ తిట్టిపోసింది. మంట తగ్గేసరికి ఆమె కళ్ళల్లో వేరే వెలుగొచ్చింది.

"ఏదే నన్ను పొడిచింది? అది విడిగా ఉంచు. దాన్ని నేనే తింటా. తలతో సహా!"

పండగనాడు చుట్టాలు కూర్చున్నారు. ఏ చేపో పెట్రోనా దాచలేదు. గిన్నె ముందు నిలబడి గట్టిగా చెప్పింది, "ఇది సింహం చేప. మా ఆయన్ని కుట్టింది, మా వదినను కుట్టింది. మేం తింటున్నాం. భయమున్నవాళ్ళు రొట్టె తినండి." బల్లల దగ్గర గుసగుసలు బయల్దేరాయి. తోమాసా కట్టుకట్టిన బొటనవేలు పైకెత్తి అందరికీ చూపించి, పళ్ళెంలో తలకాయ పెట్టుకుని కరకర నమిలింది. అంతే, పై ఊరివాళ్ళు చేతులు చాపారు. ఈ ఊరివాళ్ళు తిని, మనం తినకపోతే పరువేముంటుంది? పట్నం చుట్టాలూ చాపారు. డోళ్ళు ఆగాయి. వేళ్ళు నాకుతున్న చప్పుడే మిగిలింది.

బసీలియా పండగ గౌనులో, తలగుడ్డ బిగించి, పెద్దరికంగా కూర్చుంది. పెట్రోనా అరటిముద్ద పెట్టి ఆగింది.

"ఏం పెట్టమంటావత్తా?"

"పులుసు పొయ్యి. ముక్క వద్దు. పులుసుకేం, కొబ్బరిపాలే కదా."

పోసింది. తింది. అత్త మళ్ళీ పళ్ళెం చాపింది. "పులుసే."

మూడోసారి పోస్తుంటే గరిటెలోంచి తెల్లటి ముక్క ఒకటి జారి ముద్ద మీద పడింది. పెట్రోనా తియ్యబోయింది. బసీలియా పళ్ళెం వెనక్కి లాక్కుంది.

"ఉండనీ. అదే వచ్చి పడితే నేనేం చెయ్యను? కొంచెం లోపలినుంచి తోడు. అడుగున ఉన్న పులుసు చిక్కగా ఉంటుంది."

ఆనాటినుంచి బరానా పాయింట్‌లో ఆ చేపకు ఎదురులేకుండా పోయింది. కుట్టించుకున్నవాడు దాన్ని తిని తీరాలని ఒక ఆచారంలాంటిది కూడా పుట్టింది. కుట్టించుకోనివాళ్ళు ఊరికే తిన్నారు. డంగ్రిగా బజారులో పెట్రోనా బుట్ట పది గంటలకల్లా ఖాళీ అయ్యేది. తీరంలో కొత్తగా కట్టిన విడిదింటి మేనేజరు ఎగ్బర్ట్ అనే ఆయన, బట్టతల, మర్యాదస్తుడు, తన అతిథులకోసం రోజూ తెచ్చిమ్మన్నాడు. సీజన్లు గడిచాయి. దగ్గరి దిబ్బ దగ్గర అవి తగ్గిపోయాయి. ఈసురోమంటూ వెతికితేగానీ ఒకటి రెండు దొరికేవి కావు.

ఒకరోజు ఎగ్బర్ట్ స్వయంగా పెట్రోనా పెరట్లోకి వచ్చాడు. టోపీ చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

"అమ్మా, మా అతిథులు మీ చేపకోసమే వస్తున్నారు. ఇప్పుడేమో దొరకడం లేదంటున్నారు. మీవాళ్ళు కాస్త చూసి, చిన్నవాటిని వదిలేస్తే..."

"వదిలేస్తే?"

"పెరుగుతాయి కదా."

పెట్రోనా రోకలి ఆపింది. "ఎగ్బర్ట్ బాబూ, ఇంట్లో ఎలకలు పడితే పిల్లి బాగా పట్టుకుంటోంది కదా అని నాలుగు ఎలకల్ని దాచిపెడతావా?"

ఎగ్బర్ట్ నవ్వేశాడు. "మా అతిథులు ఎలకల్ని అడగరమ్మా" అని, ఇచ్చిన నిమ్మరసం తాగి వెళ్ళిపోయాడు. అయితే పెట్రోనా అప్పుడే ఒక సంగతి గమనించింది. ఇద్దరూ మాట్లాడుకుంటున్నంతసేపూ క్రిసాంతో వల బాగుచేస్తూ తల ఎత్తనేలేదు. అతను మామూలుగా అయితే మాట మధ్యలో దూరకుండా ఉండగలడా?

అప్పటినుంచి చూపు పెట్టింది. తక్కినవాళ్ళకు దొరకని రోజున కూడా క్రిసాంతోకు దొరికేవి. చిన్నా చితకా కాదు, చేటంత చేపలు. అన్నీ ఇంచుమించు ఒకే సైజు.

"ఏమయ్యా" అంది ఒక పొద్దున, కాఫీ ఇస్తూ. "చేపల్ని పెంచుతున్నావా?"

క్రిసాంతోకు కాఫీ పొలమారింది. "పెంచడమేంటే! సముద్రంలో ఎవరైనా పెంచుతారా?"

"మరి?"

"పెంచడం కాదు. తొందరపడ్డంలేదు. అంతే."

మెల్లిగా లాగితే సంగతంతా బయటికొచ్చింది. దూరపు దిబ్బ వెనక రాతిగుహలాంటిదొకటి అతనొక్కడికే తెలుసు. అందులో చాలా ఉన్నాయి. కావలసినప్పుడు ఒకటి రెండు తెచ్చి, మిగిలినవాటిని అలాగే ఉంచుతున్నాడు. "గాలివానలో ఎవరికీ ఏమీ దొరకనప్పుడు మనకుంటాయి కదా అని" అన్నాడు నసుగుతూ. "నీ పేరు నిలబెట్టడానికేనే."

రోలు చప్పుడవుతుందని అతను చెవులు మూసుకోవడానికి సిద్ధమయ్యాడు. పెట్రోనా రోకలి ముట్టలేదు. "పద, చూపించు" అంది.

ఆ ఊరి ఆడవాళ్ళు దిబ్బలదాకా వెళ్ళేవాళ్ళు కాదు. పెట్రోనా పడవెక్కుతుంటే ఒడ్డున తోమాసా నోరెళ్ళబెట్టింది. "ఎక్కడికే మరదలా?" "మా ఆయన రెండో కాపురం పెట్టాడట వదినా, చూసొస్తా!" అంది పెట్రోనా. పడవ సగందూరం వెళ్ళేసరికి ఆ ఊపుకు, తాగిన కాఫీ చేపలకు సమర్పించింది. అయినా వెనక్కి తిప్పమనలేదు.

ముందు అందరూ వేటాడే దగ్గరి దిబ్బ దగ్గర పడవ ఆపించింది. మొహానికి నీటి అద్దం తగిలించుకుని, గౌను మీద చొక్కాలాగా గాలి నింపిన కోటు తొడుక్కుని, పడవ అంచు పట్టుకుని తల నీళ్ళలో ముంచింది. వెంటనే పైకెత్తి దగ్గింది. మళ్ళీ ముంచింది. ఈసారి చాలాసేపు ఎత్తలేదు. కింద పగడాల మీద చిన్నచేపలు ముసురులాగా తిరుగుతున్నాయి. ఎర్రవి, పసుపువి, నీలం గీతలవి. స్నాపర్ పిల్లలు గుంపులు గుంపులుగా ఒకేసారి అటు తిరిగి, ఒకేసారి ఇటు తిరుగుతున్నాయి. ఇన్నేళ్ళూ కోసి వండినవాటిని ఆమె బతికుండగా చూడ్డం ఇదే మొదలు.

తర్వాత క్రిసాంతో గుహ దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడా పగడాలే. కానీ చిన్నచేపల ముసురు లేదు. రాళ్ళు ఊడ్చి పెట్టిన వాకిలిలాగా ఖాళీగా ఉన్నాయి. గుహ నోట్లో మాత్రం అవి తేలుతున్నాయి. పొడవాటి రెక్కలు నెమ్మదిగా విప్పుతూ, మూస్తూ, చారల గౌన్లు తొడుక్కుని పండగ నాట్యానికి నిలబడ్డ ఆడవాళ్ళలాగా. నీళ్ళలోకి పడ్డ ఎండ వాటి మీద ఆడుతోంది. పెట్రోనా ఊపిరి మర్చిపోయింది. కత్తిరించి బకెట్లో పడేసిన రెక్కలు నీళ్ళలో ఇలా ఉంటాయని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

తల పైకెత్తి అద్దం తీసింది.

"ఏమే, బాగున్నాయా?" అన్నాడు క్రిసాంతో ఆశగా.

"చాలా బాగున్నాయి. మహారాణుల్లాగున్నాయి."

"చూశావా మరి! నేను చెప్పలా?"

"వాటి చుట్టూ ఏమైనా మిగిలిందేమో చూశావా నువ్వు?"

క్రిసాంతో తల గోక్కున్నాడు. నిజానికి చూశాడు. అక్కడి స్నాపర్లు పోయి చాలాకాలమైందని అతనికి తెలుసు. చేపల్ని చూసుకున్న మురిపెంలో ఆ సంగతి తనకు తానే చెప్పుకోలేదు, అంతే. అతను తల వంచుకోవడం చూసి పెట్రోనా గొంతు తగ్గించింది.

"నా పేరు నేను నిలబెట్టుకుంటాలే. ఎగ్బర్ట్‌కి జాక్ చేప వండిపెడతా, కావాలంటే రాళ్ళు వండిపెడతా, తినేలా చేస్తా. దిగు."

"అన్నీనా?"

"అన్నీ."

క్రిసాంతో ఈటె తీసుకుని దిగాడు. ఆరోజు అతను నీళ్ళలో తిట్టలేదు. బుడగలు నిశ్శబ్దంగా వచ్చాయి. ఒక్కొక్కటే పైకి తెస్తుంటే పెట్రోనా అందుకుని పీపాలో వేసింది. చివరిదాకా కూర్చుంది. ఆ రాత్రి విడిదింట్లో అతిథులకు సింహం చేపల విందు జరిగింది. మర్నాటినుంచి ఎగ్బర్ట్ బోర్డు మీద ఆ పేరు తుడిచేసి జాక్ చేప పులుసు అని రాయించాడు. నాలుగు రోజులు మొహం ముడుచుకున్నాడు గానీ, పులుసు రుచి చూశాక మళ్ళీ మాట్లాడలేదు.

గుహ దగ్గరికి చిన్నచేపలు వెంటనే ఏమీ రాలేదు. సింహం చేపలూ పూర్తిగా పోలేదు. లోతునుంచి అప్పుడప్పుడూ ఒకటి రెండు వస్తూనే ఉంటాయి, ఎవరో ఒకరు తెస్తూనే ఉంటారు, పెట్రోనా వండుతూనే ఉంటుంది. కొత్తగా వచ్చిందల్లా ఒక్కటే. ఆదివారాలు చర్చి అయ్యాక ఆమె క్రిసాంతోను డామినోల దగ్గరినుంచి లేపి పడవ తియ్యిస్తుంది. కాఫీ మాత్రం ముందు తాగదు. ఒకసారి తోమాసాను కూడా లాక్కెళ్ళింది. నీటి అద్దంలోంచి చూసి తోమాసా కెవ్వుకెవ్వున అరిచింది, అన్నీ తననే చూస్తున్నాయట.

పోయిన ఆదివారం గుహ దగ్గర తల పైకెత్తి, నీళ్ళు కారుతున్న మొహంతో పెట్రోనా పడవలోకి వేళ్ళు చూపించింది, చిటికెనవేలంత కొలిచి.

"ఎర్ర స్నాపర్లు వచ్చాయి. ఇంకా ఇంతే ఉన్నాయి. వచ్చే ఏడుకి కూరకొస్తాయి."

"వచ్చే ఏడుకి కాదు, రెండేళ్ళు పడుతుంది" అన్నాడు క్రిసాంతో.

"నువ్వు అడ్డం రాకపోతే ఏడాది చాలు" అని ఆమె మళ్ళీ తల ముంచింది.